గువ్వలచెరువు ఘాట్ రోడ్డూ, ఒక టీచరుగారి కడుపునొప్పీ: హిప్నాసిస్‌తో చేసిన చికిత్స (కేస్ స్టడీ)

కడపలో సైకియాట్రిస్టుగా ప్రాక్టీసు చేస్తున్న నా దగ్గరకు ఇదే ఊళ్లోని ఒక గ్యాస్ట్రోఎంటరాలజిస్టు 38 ఏళ్ల టీచరుగారిని పంపించారు. చీటీలో ఆయన రాసింది కొంచెమే: విరేచనాలు ఎక్కువగా ఉండే రకం ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్ (పరీక్షల్లో ఏ లోపమూ కనబడకపోయినా కడుపునొప్పి, విరేచనంలో మార్పులు వేధించే పేగుల జబ్బు), మందులతో ఆశించినంత గుణం కనిపించలేదు, హిప్నాసిస్ పనికొస్తుందేమో పరిశీలించగలరు. ఆమె అనుమతి తీసుకునే ఈ కేసు రాస్తున్నాను. ఆమెను గుర్తుపట్టడానికి వీలిచ్చే వివరాలు కొన్ని మార్చాను, కొన్ని వదిలేశాను.

హిప్నాసిస్ అంటే మనసుకు ధైర్యం నూరిపోసే పద్ధతి అని రోగులే కాదు, నా తోటి డాక్టర్లలో కూడా చాలామంది అనుకుంటారు. కడుపు జబ్బుల్లో దాన్ని అలా వాడితే ఒరిగేది స్వల్పమని నా అనుభవం. పేగుల నుంచి వచ్చే సంకేతాన్ని మెదడు ఎంత తీవ్రంగా తీసుకుంటోందో, ఆ సంకేతం రాకముందే దానికోసం శరీరం ఎంతగా బిగుసుకుపోతోందో, ఈ రెంటినీ గురిగా పెట్టుకుని చేసినప్పుడు మాత్రం అది నిజమైన చికిత్స అవుతుంది. ఈ కేసులో ఆ తేడా స్పష్టంగా కనిపించింది కాబట్టి వివరంగా రాయాలనిపించింది.

జబ్బు చరిత్ర

ఆరేళ్ల కిందట ఒక పెళ్లి భోజనం తర్వాత ఆమెకు వాంతులు, విరేచనాలు పట్టుకుని సెలైన్ ఎక్కించవలసి వచ్చింది. జ్వరం తగ్గింది, వాంతులు ఆగాయి, కానీ కడుపు మాత్రం మునుపటి స్థితికి రాలేదు. పేగులకు ఇన్ఫెక్షన్ సోకినవారిలో సుమారు పదిమందిలో ఒకరికి ఆ తర్వాత ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్ మొదలవుతుంది. ఇన్ఫెక్షన్ పోయినా పేగు గోడలోని నరాలు మేల్కొన్న స్థితిలోనే ఉండిపోతాయి. ఈమె విషయంలోనూ అదే జరిగి ఉంటుందని గ్యాస్ట్రోఎంటరాలజిస్టు అభిప్రాయం, నా అభిప్రాయం కూడా.

ఆమె కాపురం కడపలో, ఉద్యోగం రాయచోటి వైపు ఒక మండలంలోని ప్రభుత్వ పాఠశాలలో. రోజూ బస్సులో పోయి రావాలి. కడప దాటాక వచ్చే గువ్వలచెరువు ఘాట్ ఈ ప్రాంతం వాళ్లందరికీ తెలిసిందే: వరుస మలుపులు, ఎదురొచ్చే లారీలు. అక్కడ బస్సు ఆపమని అడగడానికి వీలుండదు, ఆపినా ఒక ఆడమనిషి దిగి పోగలిగిన చోటు ఉండదు. ఆమె కడుపునొప్పి ఘాట్ మీద మొదలయ్యేది కాదు. బస్టాండులో రాయచోటి బోర్డు చూసినప్పుడే మొదలయ్యేది. ఘాట్ ఎక్కేసరికి చెమటలు పట్టి, బొడ్డు కింద మెలితిప్పినట్టయ్యేది. పైకెక్కి గువ్వలచెరువులో పాలకోవా అంగళ్లు కనబడితే చాలావరకు సర్దుకునేది. ఈ క్రమాన్ని ఆమె మొదటి రోజే నాకు ఎంతో ఖచ్చితంగా చెప్పింది. రోగి ఇంత వివరంగా చెప్పగలిగితే చికిత్సకు సగం దారి దొరికినట్టే.

ఈ ఆరేళ్లలో ఆమె తన జీవితాన్ని ఆ ప్రయాణం చుట్టూ అమర్చుకుంది. తెల్లవారుజామున నాలుగింటికి లేచి, బస్సెక్కేలోపు మూడు నాలుగుసార్లు లెట్రిన్‌కు పోయి వచ్చేది. పొద్దున ఏమీ తినేది కాదు, మంచినీళ్లు కూడా గుక్కెడు మాత్రమే తాగేది. బయలుదేరే ముందు విరేచనాలను ఆపే లోపెరమైడ్ మాత్రలు రెండు వేసుకునేది. మధ్యాహ్నం డబ్బా చాలాసార్లు తెరవకుండానే ఇంటికి తిరిగి వచ్చేది. సాయంత్రం ఇల్లు చేరాక ఆకలి మీద సంగటి, చెనక్కాయల ఊరుమిండి పెట్టుకుని ఒక్కసారిగా తినేది, రాత్రికి కడుపుబ్బరం. బంధువుల పెళ్లిళ్లకు పోవడం మానేసింది. ప్రమోషన్ వస్తే ఇంకా దూరం వేస్తారేమోనని ఆ దరఖాస్తు కూడా పెట్టలేదు.

పరీక్షలు, అంతకుముందటి వైద్యం

నా దగ్గరకు వచ్చేనాటికి అవసరమైన పరీక్షలన్నీ అయిపోయాయి. హీమోగ్లోబిన్, థైరాయిడ్, సీలియాక్ జబ్బుకు (గోధుమలు పడని పేగు జబ్బు) చేసే యాంటీబాడీ పరీక్ష, పేగుల్లో వాపు ఉంటే పెరిగే కాల్‌ప్రొటెక్టిన్ మలంలో ఎంత ఉందో చూసే పరీక్ష, బయాప్సీలతో సహా కొలనోస్కోపీ, అన్నీ మామూలుగానే ఉన్నాయి. మలంలో రక్తం పడటం, బరువు తగ్గడం, రక్తహీనత, నిద్రలోంచి లేపేంత విరేచనాలు, ఇంట్లో ఎవరికైనా పెద్దపేగు క్యాన్సర్ ఉండటం వంటి ప్రమాద సూచనలేవీ లేవు. ఇంత నొక్కి చెప్పడానికి కారణం ఉంది. ఈ సూచనల్లో ఏ ఒక్కటి ఉన్నా, దాని సంగతి తేల్చకుండా హిప్నాసిస్ మొదలుపెట్టడం రోగికి చేసే అన్యాయం. నొప్పి తెలియకుండా చేయగల పద్ధతి ఏదైనా సరే, జబ్బు ఏమిటో తెలిశాకే చేతిలోకి తీసుకోవాలి.

ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్‌ను నిర్ధారించడానికి వాడే రోమ్-4 ప్రమాణాల ప్రకారం, గడిచిన మూడు నెలల్లో వారానికి కనీసం ఒక రోజు కడుపునొప్పి ఉండి, ఆ నొప్పికి మలవిసర్జనతోనో, ఎన్నిసార్లు పోతున్నారన్న దానిలో మార్పుతోనో, మలం రూపంలో మార్పుతోనో, వీటిలో కనీసం రెండింటితో సంబంధం ఉండాలి. లక్షణాలు మొదలై ఆరు నెలలైనా గడిచి ఉండాలి. ఈమెకు మూడూ ఉన్నాయి. పేగు బిగువు తగ్గించే మెబెవెరిన్ కొంతకాలం వాడింది, పేగుల్లో పనిచేసే యాంటీబయాటిక్ రిఫాక్సిమిన్ ఒక కోర్సు పూర్తి చేసింది, రెండింటితోనూ కొన్ని వారాలే తేలిక. రాత్రిపూట అమిట్రిప్టిలిన్ 10 మిల్లీగ్రాములు నొప్పిని తగ్గించింది కానీ, పొద్దున క్లాసులో మగతగా ఉంటోందని తానే ఆపేసింది. మధ్యలో పెద్ద దర్గాకు పోయి మొక్కుకుని వచ్చారు, అత్తగారు తాయెత్తు కట్టించారు. వాటిని నేను వద్దనలేదు, తీసేయమనలేదు.

జబ్బు తీవ్రతను కొలవడానికి వాడే 500 మార్కుల ప్రశ్నావళిలో 300 దాటితే తీవ్రం అంటారు. ఆమెకు 345 వచ్చింది. ఆందోళనను కొలిచే జీఏడీ-7లో 13, అంటే మధ్యస్థ స్థాయి. డిప్రెషన్ చెప్పుకోదగినంత లేదు. సైకోసిస్, మూర్ఛ, గతంలో తీవ్రమైన మానసిక గాయం, స్పృహ తెగిపోయే అనుభవాలు ఉన్నాయేమో విడిగా అడిగి తెలుసుకున్నాను. ఇవి ఉన్నప్పుడు హిప్నాసిస్ జోలికి పోకపోవడమో, మరింత జాగ్రత్తగా పోవడమో అవసరమవుతుంది. ఈమెకు అవేమీ లేవు.

మొదలుపెట్టే ముందు మాట్లాడుకున్నవి

రెండో విజిట్‌కు భర్త కూడా వచ్చారు. ఆయన ప్రశ్న సూటిగా ఉంది: "మేడం, మా ఆమె మీ స్వాధీనంలోకి వచ్చేస్తుందా? మీరేం చెబితే అది చేస్తుందా?" స్టేజీ మీద మనుషుల్ని పడుకోబెట్టి ఆడించే ప్రదర్శనలు చూసినవారికి ఈ అనుమానం రావడం సహజం, దానికి తొందరపడకుండా జవాబు చెప్పడం వైద్యుడి బాధ్యత. హిప్నాసిస్ నిద్ర కాదని, ఆమెకు నా మాటలు వినబడుతూనే ఉంటాయని, ఇష్టంలేనిది అనిపిస్తే కళ్లు తెరిచి లేచిపోవచ్చని, నేను కేవలం దారి చెప్పేదాన్నని, నడవవలసింది ఆమేనని వివరించాను. ఆయన్ను గదిలో కూర్చుని చూడమన్నాను. ఒక సెషన్ చూశాక తర్వాత ఆయన బయటే కూర్చున్నారు.

ఆమె భయం వేరు. చిన్నప్పటి విషయాలేవైనా తనకు తెలియకుండా బయటపడతాయా అని అడిగింది. గతాన్ని తవ్వే పని నేను చేయనని ముందే మాట ఇచ్చాను. హిప్నాసిస్‌లో గుర్తుకు వచ్చినవి నిజమై ఉంటాయన్న హామీ లేదు; జరగనివి జరిగినట్టుగా తోచి, వాటి మీద నమ్మకం మాత్రం బలంగా కుదిరే ప్రమాదం ఉందని పరిశోధనలు చూపాయి. గత జన్మల దాకా తీసుకుపోతామని చెప్పుకునేవారు మన జిల్లాల్లోనూ ఉన్నారు. దాన్ని వైద్యంగా నేను ఒప్పుకోను.

వారిద్దరికీ ఈ చికిత్స వెనక ఉన్న ఆధారాలను కూడా చెప్పాను. మన దేశంలో దీని కథ పాతదే: 1845లో హుగ్లీలో జేమ్స్ ఎస్‌డైల్ అనే ఈస్టిండియా కంపెనీ సర్జన్, మత్తుమందులు రాకముందు, హిప్నాసిస్‌కు తొలి రూపమైన మెస్మరిజం పద్ధతితో శస్త్రచికిత్సలు చేశాడు. పేగుల విషయంలో పక్కా పరిశోధన మాత్రం 1984లో మొదలైంది. మాంచెస్టర్‌కు చెందిన పీటర్ వోర్వెల్ బృందం మందులకు లొంగని 30 మంది రోగులను రెండు వర్గాలుగా చేసి, ఒక వర్గానికి హిప్నాసిస్, రెండో వర్గానికి కౌన్సెలింగ్‌తో పాటు ఉత్తుత్తి మాత్ర ఇచ్చి చూడగా, హిప్నాసిస్ వర్గంలో మార్పు చాలా ఎక్కువగా కనిపించింది. అదే కేంద్రం 2003లో 200 మందికి పైగా రోగుల వివరాలు వెల్లడించింది: 71 శాతం మందికి గుణం కనిపించింది, వారిలో 81 శాతం మందికి ఆ గుణం ఏళ్ల తరబడి నిలిచింది. 2008లో బ్రిటన్‌లో చికిత్సలకు మార్గదర్శకాలిచ్చే నైస్ సంస్థ, ఏడాదిపాటు మందులు వాడినా తగ్గనివారికి హిప్నాసిస్‌ను ఒక మార్గంగా సూచించింది. అయితే 2019లో నెదర్లాండ్స్‌లో జరిగిన పెద్ద అధ్యయనంలో, మూడు నెలల చివర తగినంత ఉపశమనం కలిగిందని చెప్పినవారు సుమారు 40 శాతమే. ఆ అంకెను కూడా దాచకుండా చెప్పాను. పదిమందిలో నలుగురికి అన్నా, ఏడుగురికి అన్నా, మిగిలినవారికి తగ్గకపోవచ్చని ముందే తెలిసి ఉండాలి.

చికిత్స జరిగిన తీరు

మొదట వారానికి ఒకసారి, తర్వాత రెండు వారాలకు ఒకసారి చొప్పున మూడు నెలలు సాగింది. ప్రతి సెషన్‌లో అరగంట హిప్నాసిస్, అంతకుముందు వారం ఎలా గడిచిందో మాట్లాడుకోవడానికి కొంత సమయం. హిప్నాసిస్‌లోకి తీసుకుపోయే పద్ధతి సాదా సీదాదే: ఎదుటి గోడ మీద ఒక చుక్కను చూస్తూ, శ్వాసను గమనిస్తూ, రెప్పలు బరువెక్కినప్పుడు మూసుకోవడం, ఆపైన మిద్దె మెట్లు ఒక్కొక్కటే దిగుతున్నట్టు ఊహించడం. చెయ్యి బరువెక్కడం, గోరువెచ్చగా మారడం వంటి చిన్న సూచనలకు ఆమె బాగానే స్పందించింది. హిప్నాసిస్‌కు ఒక మనిషి ఎంతగా స్పందిస్తారో తేల్చే స్టాన్‌ఫర్డ్ స్కేల్ వంటి పూర్తి కొలత నేను చేయలేదు. ఈ స్పందనలను బట్టి హిప్నాసిస్‌కు స్పందించే గుణం ఆమెలో మధ్యస్థం అని అంచనా వేశాను. అంతకన్నా లోతైన స్థితి ఈ జబ్బుకు అవసరం లేదు.

ఆ వెచ్చదనాన్నే చికిత్సకు వాడుకున్నాను. వెచ్చబడిన అరచేతిని పొట్ట మీద పెట్టుకుని, ఆ వేడి చర్మం నుంచి లోపలికి దిగి, బిగిసిన పేగు కండరం సడలుతున్నట్టు అనుభవించమనడం ఈ చికిత్సలో కేంద్రభాగం. దీనికి తోడుగా పేగు కదలికకు ఒక దృశ్యం కావాలి. పుస్తకాల్లో ఎక్కువగా నది ఉంటుంది. నేను ముందుగా ఏదీ చెప్పకుండా, నీళ్లు తగిన వేగంతో పారడం మీరు ఎక్కడ చూశారమ్మా అని అడిగాను. ఆమె పుట్టిల్లు మైదుకూరు వైపు, కె.సి. కాలువ కింద వరి పండించే ఊరు. సుంకేసుల నుంచి కాలువకు నీళ్లు వదిలారని తెలిసిన రోజు నాయనతో పాటు గట్టు మీదికి పోయి నిలబడేదాన్నని, లస్కరు తూము షట్టరు తిప్పుతుంటే నీళ్లు పిల్లకాలువలోకి మెల్లగా దిగడం చూసేదాన్నని చెప్పింది. అదే మా దృశ్యమైంది. షట్టరు చక్రం మీద ఉన్నది ఆమె చెయ్యే.

మూడో సెషన్‌లో చిన్న చిక్కు ఎదురైంది. దృశ్యం మధ్యలో ఆమె ముఖం బిగుసుకుంది, చెయ్యి పొట్టను పట్టుకుంది. ఏం కనబడుతోందని అడిగితే, "కాలువకు గండి పడింది మేడం, నీళ్లు ఆగడం లేదు" అంది. చిన్నప్పుడు ఒక వానాకాలం నిజంగానే గండి పడి పైరు మునిగిన జ్ఞాపకం అది; ఘాట్ మీద ఆమె భయపడేది కూడా సరిగ్గా అదే. ఇలాంటప్పుడు దృశ్యాన్ని తుడిచేసి ఇంకొకటి ఎత్తుకోవడం తేలికే, కానీ ఆ భయం ఎక్కడికీ పోదు. గండి పడ్డాక ఊళ్లో ఏం చేశారని అడిగాను. పైనున్న షట్టరు దించారని, అందరూ కలిసి ఇసుక మూటలు వేశారని, రెండు రోజుల్లో కట్ట నిలిచిందని నెమ్మదిగా చెబుతూ పోయింది. నేను ఆ మాటల్నే ఆమెకు తిరిగి చెప్పాను: "పైనున్న షట్టరు దించుతున్నావు. తొందరేం లేదు. నీళ్లు తగ్గుతా ఉండాయి. కట్ట గట్టిపడుతా ఉంది. నీ చెయ్యి కింద పొట్ట వెచ్చగా, మెత్తగా అవుతా ఉంది." కొన్ని నిమిషాల్లో శ్వాస నెమ్మదించింది. నొప్పి మొదలైన తర్వాత కూడా దాన్ని తాను తగ్గించుకోగలనని ఆమెకు అనుభవంలోకి వచ్చింది ఆ రోజే. నా దృష్టిలో చికిత్స మలుపు తిరిగింది అక్కడే.

ఇందులో మాయ లేదు. 1997లో మాంట్రియల్‌లో పియర్ రెయిన్‌విల్ బృందం చేసిన ప్రయోగంలో, వేడినీళ్లలో చెయ్యి పెట్టినవారికి హిప్నాసిస్‌లో ఆ నొప్పి వల్ల కలిగే బాధ పెరిగినట్టు, తగ్గినట్టు సూచనలు ఇచ్చినప్పుడు, మెదడులో యాంటీరియర్ సింగ్యులేట్ అనే భాగం పనితీరు దాన్ని అనుసరించి మారింది. స్పర్శను నమోదు చేసే భాగం మాత్రం అంతగా మారలేదు. అంటే సంకేతం వస్తూనే ఉంటుంది, దాని వల్ల కలిగే బాధ మారుతుంది. పేగులు అతిగా స్పందించే రోగులకు ఇది ఎంతో ముఖ్యమైన సంగతి.

ఐదో సెషన్ నుంచి ఘాట్ ప్రయాణాన్ని హిప్నాసిస్‌లోకి తెచ్చాను. బస్టాండు బోర్డు దగ్గర మొదలుపెట్టి, ఊరు దాటడం, మొదటి మలుపు, లారీ వెనక బస్సు ఆగిపోవడం, ఒక్కొక్క దశలో నొప్పి ఎంత ఉందో పదికి ఇంత అని చెప్పించి, షట్టరు దృశ్యంతో దాన్ని దించి, ఆ తర్వాతే ముందుకు కదిలేవాళ్లం. బొటనవేలు, చూపుడువేలు కలిపితే ఆ వెచ్చదనం గుర్తుకు వచ్చేలా అలవాటు చేశాను. బస్సులో ఒళ్లో సంచీ పెట్టుకుని ఎవరికీ తెలియకుండా చేయగలిగిన పని ఇది.

ఇంటి సాధన లేకుండా ఈ చికిత్స నిలబడదు. నా గొంతుతో పావుగంట ఆడియో రికార్డు చేసి ఆమె ఫోన్‌లో పెట్టాను, రోజూ వినమన్నాను. మొదటి రెండు వారాలు అది కుదరలేదు. ఉమ్మడి కుటుంబంలో కోడలు పావుగంట తలుపేసుకుని కూర్చుంటే ఏమైందని అడగడానికి ముగ్గురు వస్తారు. అత్తగారిని ఒకసారి తీసుకురమ్మన్నాను, ఆమెతో పది నిమిషాలు మాట్లాడాను. ఆ తర్వాత సాయంత్రం పూట మిద్దె మీదికి ఎవరూ పోకుండా ఆమే చూసుకున్నారని తెలిసింది. మాత్రలు వేసుకోవడం కన్నా ఇలాంటి సాధనకు ఇంటివాళ్ల సహకారం ఎక్కువ కావాలి. రోగి మానేసిందని తప్పుపట్టే ముందు ఆ ఇంట్లో ఆమెకు చోటుందా అని చూడాలి.

ఫలితం, దాన్ని ఎలా చూడాలి

చికిత్స ముగిసేనాటికి స్కోరు 345 నుంచి 150కి దిగింది. ఆ అంకెను నేను లెక్కలోకి తీసుకోలేదు. అప్పటికి వేసవి సెలవులు వచ్చాయి. బస్సూ లేదు, ఘాటూ లేదు. అసలైన పరీక్ష జూన్‌లో బడులు తెరిచాకే. జూలై చివర మళ్లీ కొలిస్తే 185 వచ్చింది. సెలవుల్లో కన్నా ఎక్కువే అయినా, 50 మార్కులు తగ్గితే చెప్పుకోదగిన మార్పుగా భావించే ఈ కొలతలో ఇది పెద్ద తేడా. జీఏడీ-7 స్కోరు 6కు వచ్చింది. పొద్దున రెండు ఇడ్లీలు తిని బస్సెక్కుతోంది. రోజువారీ లోపెరమైడ్ మానేసింది. సంచీలో ఒక స్ట్రిప్ ఉంచుకుంటుంది, ఎప్పుడో తప్ప వేసుకోదు. దాన్ని కూడా పారేయమని నేను చెప్పలేదు, చెప్పవలసిన అవసరం లేదు.

అన్నీ తగ్గలేదు. కడుపుబ్బరంలో మార్పు కొద్దిగానే ఉంది. నెలసరి రోజుల్లో నొప్పి మునుపటిలాగే వస్తోంది. అక్టోబర్‌లో పంటి ఇన్ఫెక్షన్‌కు యాంటీబయాటిక్స్ వాడినప్పుడు విరేచనాలు తిరగబెట్టి, ఆమె బాగా బెదిరిపోయి వచ్చింది. ఆడియో సాధన పెంచి, రెండు అదనపు సెషన్లు చేశాక మూడు వారాల్లో సర్దుకుంది.

ఒక్క రోగిని చూసి హిప్నాసిస్ వల్లనే ఇదంతా జరిగిందని రుజువు చేయలేం. ఊహలో ఘాట్ దాటించడం ఒక విధంగా భయానికి అలవాటు చేసే చికిత్స కూడా. ఆరేళ్లుగా ఎవరూ పూర్తిగా వినని కథను కూర్చుని వినడం కూడా పని చేసే ఉంటుంది. అయినా ఒక విషయం నన్ను హిప్నాసిస్ వైపే మొగ్గేలా చేస్తోంది: నొప్పి తీవ్రత తగ్గడం ఘాట్ ప్రయాణం గురించి ఎత్తుకోకముందే, పొట్ట మీద చెయ్యి పెట్టుకునే సాధన మొదలైన మూడు నాలుగు వారాల్లోనే, అదీ సెలవులు రాకముందే ఆమె డైరీలో కనిపించింది. మొదట నొప్పి తగ్గింది, తర్వాత భయం తగ్గింది. కేవలం ధైర్యం చెప్పడం వల్ల జరిగి ఉంటే ఈ వరుస తిరగబడి ఉండేది.

ప్రస్తుతం ఆమె రెండు నెలలకు ఒకసారి వస్తోంది. మిగిలిన కడుపుబ్బరం కోసం గ్యాస్ట్రోఎంటరాలజిస్టుతో మాట్లాడి, ఒక డైటీషియన్ దగ్గరకు పంపాను. ఉల్లిపాయ, తెల్లగడ్డ, అలసందలు కొన్ని వారాలు ఆపి, ఒక్కొక్కటిగా తిరిగి చేర్చి ఏది పడటం లేదో చూస్తున్నారు. మెల్‌బోర్న్‌లోని మోనాష్ విశ్వవిద్యాలయంలో 2016లో చేసిన పోలికలో ఆ ఆహార నియమం, హిప్నాసిస్ దాదాపు సమానంగా పనిచేశాయి, రెండూ కలిపినా అదనపు లాభం కనబడలేదు. కాబట్టి ఆహారం మార్పుతో కడుపుబ్బరం విషయంలో కొంత మెరుగుదలనే ఆశిస్తున్నామని, ఎర్రకారం దోశ జీవితాంతం మానేయవలసిన పని లేదని ఆమెకు చెప్పాను.